గుండె దాకా వెళ్ళిన తీగ

మాది రాయచూరు బజారులో బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మే దుకాణం. దుకాణం వెనకాలే ఇల్లు. కోడిగుడ్డు అనే మాటని కూడా మా ఇంట్లో గొంతు తగ్గించి అనేవాళ్ళు. అలాంటి ఇంట్లోంచి నేను బీదర్ వెళ్ళి పశువైద్యం చదివాను. పశువుల డాక్టరంటే ఆవులకి సూదులు వేసి, దూడలకి మందు తాగించే పుణ్యకార్యం అనుకుని మా నాయిన సంతోషంగా పంపించాడు. చనిపోయిన పశువుని కోసి, లోపలి అవయవాలు ఒక్కొక్కటీ బయటికి తీసి, ఎందుకు చనిపోయిందో చూడటం కూడా ఆ చదువులో భాగమేనని ఆయనకి తెలిసేసరికి నేను సగం చదువు దాటేశాను.

మొదటిసారి పోస్టుమార్టం చూసిన రోజు నాకు బాగా గుర్తు. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని, అవసరమైతే బయటికి పరిగెత్తడానికి వీలుగా తలుపు దగ్గరే నిలబడ్డాను. బల్ల మీద ఒక మేక. మా ప్రొఫెసరు గొంతు నుంచి పొత్తికడుపు దాకా ఒక్క గీత గీసి కడుపు తెరిచారు. లోపలంతా నెత్తురూ గందరగోళమూ ఉంటాయనుకున్నాను. అలా ఏమీ లేదు. చుట్టలు చుట్టలుగా పేగులు, వాటి మీద జాలీలాంటి సన్నటి కొవ్వు తెర, దాని పక్కన తళతళలాడే కాలేయం, దానికి అతుక్కుని ఆకుపచ్చటి పిత్తసంచి. మా నాయిన గోడౌనులో సరుకు సర్దినట్టు, దేని చోటు దానిది. నేను తలుపు దగ్గర నుంచి బల్ల దగ్గరికి ఎప్పుడు వచ్చానో, చేతిరుమాలు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. "ఎవరైనా గుండెని చేతిలోకి తీసుకుంటారా?" అని ఆయన అడిగితే అందరికంటే ముందు చెయ్యి చాపింది నేనే.

ఉద్యోగం సిరవారలో వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి రాయచూరు తిరిగొచ్చేదాన్ని. పోస్టుమార్టం చేసిన రోజున మాత్రం ముందు తలుపు గుండా నాకు ప్రవేశం లేదు. వెనకసందులోంచి రావాలి. మా అమ్మ అలికిడి వినగానే గట్టిగా అరిచేది.

"ఆగు, ఆడనే ఆగు! తులసికోట దాటకు. నీళ్ళు కాగుతున్నయ్."

పసుపు వేసిన వేడినీళ్ళతో పెరట్లోనే తలస్నానం. ఆస్పత్రిలో ఒకసారి శుభ్రంగా కడుక్కునే వచ్చేదాన్ని, అయినా ఆమె ముందు ఆ మాట చెల్లేది కాదు. స్నానం అయ్యాక కూడా మా అమ్మ నా వైపు ఒక పూటంతా చూసేది కాదు. కానీ మా అవ్వ, అంటే మా నాయిన తల్లి, సరిగ్గా ఆ సమయానికే పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. పూజ తర్వాత తప్ప మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. తల తుడుచుకునే నన్ను దగ్గరికి పిలిచి, లోపలికి వినపడకుండా అడిగేది.

"ఏందే, ఇయ్యాల ఏం కోసినవ్?"

"బర్రెని అవ్వా."

"గుండెకాయ జూసినవా? ఎంతుంటదే? మన బెల్లం ముద్దంత ఉంటదా?"

"ఇంకొంచం పెద్దగనే ఉంటది."

"అబ్బో!" అని బుగ్గన చెయ్యి పెట్టుకునేది. "కడుపుల ఏముండె? జెప్పు, మీ అమ్మ వస్తది, జల్ది జెప్పు."

నెమరు వేసే పశువు కడుపు నాలుగు అరలని చెప్పిన రోజు ఆవిడ మొహం చూసి తీరాలి. మొదటిది పెద్ద పొట్ట. దాని లోపలి గోడ తువ్వాలులా పోగులు పోగులుగా ఉంటుంది. రెండోది చిన్నది, గుండెకి దగ్గరగా ముందు వైపు ఉంటుంది. దాని లోపల అచ్చం తేనెపట్టే, ఆరు పలకల గళ్ళతో. మూడోది పుస్తకం పేజీల్లా ఆకులు ఆకులు. నాలుగోది మన కడుపులాంటిదే, నున్నగా, మడతలు పడి ఉంటుంది. ఇదంతా చెప్పి పెరట్లోని మట్టి మీద వేలితో గీసి చూపించాను.

"తేనెపట్టు ఎవరు కట్టిన్రే దాని లోపల?" అంది అవ్వ. "మనం గిన్నెండ్లు బర్రె పాలు తాగితిమి గాని, లోపల గింత కత ఉందని ఎవరన్న జెప్పిన్రా?"

ఇంట్లో నా చదువుని మనస్ఫూర్తిగా ఆనందించిన మొదటి మనిషి ఆవిడే.

ఇప్పుడు చెప్పబోయేది నేను సిరవారలో చేరిన కొత్తలో జరిగింది. కాలువ కింద వరి పండే ఆ ప్రాంతంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్ళని క్యాంపులంటారు. ఒకరోజు ఉదయం ఒక క్యాంపు నుంచి ఆస్పత్రికి ఫోను వచ్చింది. గేదె చచ్చిపోయింది, మందు పెట్టి చంపారు, మీరొచ్చి కోసి చూసి చెబితే పోలీసు కంప్లయింటు ఇస్తాం అన్నారు.

మా ఆస్పత్రి అటెండరునీ, కత్తుల పెట్టెనీ, గమ్ బూట్లనీ వెంటబెట్టుకుని వెళ్ళాను. క్యాంపులో పక్కపక్కన రెండు ఇళ్ళు. ఒకటి పాత పెంకుటిల్లు. రెండోది కొత్తగా కడుతున్న డాబా. ఈమధ్యే స్లాబు పోశారు, పైన ఇనుప కడ్డీలు ఇంకా ఆకాశంలోకి పొడుచుకుని ఉన్నాయి. రెండిళ్ళకీ మధ్య ఒక ముళ్ళకంచె. డాబా ఇంటి వెనక చేలో, వేపచెట్టు కింద గేదె పడి ఉంది. దాని పక్కన డాబా ఇంటావిడ నెత్తి మీద చెంగు కప్పుకుని కూర్చుని ఉంది. ఊరంతా చుట్టూ ఉన్నారు. పెంకుటింటావిడ మాత్రం రాలేదు. తన ఇంటి గుమ్మం తలుపు సగం వేసుకుని లోపలే ఉండిపోయింది.

"అదేనండీ డాక్టరమ్మగారూ," అంది డాబా ఇంటావిడ ఆ తలుపు వైపు చూపించి. "పోయిన వారం నా గేదె దాని మడిలో పడిందని ఎంతెంత మాటలందో అందరూ విన్నారు. ఇంకోసారి పడితే గుళికలు పెట్టి చంపేస్తానంది. పెట్టేసింది!"

గుళికలంటే వరిలో పురుగుకి చల్లే మందు. ఆ మాట ఆవిడ అన్నది నిజమే, కోపంలో గట్టిగా అరిచిందనీ, ఊరంతా విన్నదనీ చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పారు. అంతకుముందు ఈ ఇద్దరూ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, ఒక ఇంట్లో కూర వండితే రెండో ఇంట్లో గిన్నె తప్పకుండా కనిపించేంత స్నేహంగా ఉండేవాళ్ళని కూడా వాళ్ళే చెప్పారు.

"గేదె చనిపోయే ముందు ఎలా ఉంది?" అని అడిగాను.

"కొన్నాళ్ళుగా మేత తగ్గించిందండీ. ఎండ దెబ్బేమో అనుకుని మజ్జిగ పోశాను. ముందుకాళ్ళ మధ్య కాస్త వాపొచ్చింది. నిన్న సాయంత్రం నుంచుని నుంచుని దబ్బున పడిపోయింది."

గుళికల మందైతే నురగ రావాలి, కాళ్ళు కొట్టుకోవాలి. ముందుకాళ్ళ మధ్య వాపు నాకు వేరే ఏదో చెబుతోంది. కానీ చూడకుండా నోరు విప్పకూడదు. ముందుగా గేదె చెవి నుంచి ఒక చుక్క రక్తం గాజుపలక మీద తీసుకెళ్ళి ఆస్పత్రిలో మైక్రోస్కోపు కింద పరీక్షించాను. దొమ్మరోగమైతే, అంటే ఆంత్రాక్స్ అయితే, మనుషులకీ అంటుకుంటుంది కాబట్టి ఆ పశువుని కోయనే కూడదు. అది కాదని తేలాక తిరిగి వచ్చి చేతికి తొడుగులు వేసుకున్నాను. ఈలోగా జేసీబీ చేను అంచున గొయ్యి తవ్వడం మొదలుపెట్టింది.

జనం మీద మీదకి వస్తున్నారు. మా అటెండరు చేతులు చాపి తనకి వచ్చిన మూడు భాషలూ వాడేశాడు. "పీఛే హటో! హిందక్ సర్రి! ఎనక్కి పోండి!" ఎవరికి కావలసిన భాష వాళ్ళు ఏరుకుని నాలుగడుగులు వెనక్కి వెళ్ళారు.

గేదెని ఎడమపక్కకి ఒరిగించాం. పెద్ద పొట్ట ఎడమవైపే ఉంటుంది కాబట్టి అది కింద ఉంటే మిగతావన్నీ పైన కనిపిస్తాయి. గొంతు నుంచి పొదుగు దాకా కోసి చర్మం ఒలిచి, పైనున్న కాళ్ళు రెండూ వెనక్కి విరిచి పెట్టాం. కడుపు తెరిచాను. చుట్టూ ఉన్న గుసగుసలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం నాకు ప్రతిసారీ ఇష్టం. భయంతో వచ్చినవాళ్ళు కూడా లోపలి అమరిక చూశాక కాసేపు మాటలు మరిచిపోతారు.

పేగులు ముందు బయటికి తీశాను. నున్నగా, మామూలుగా ఉన్నాయి. ఎక్కడా ఎర్రగా కమిలిన మచ్చలు లేవు. నాలుగో కడుపు కోసి లోపలి గోడ కడిగి చూశాను. మందు తాకితే అక్కడే ముందు తెలుస్తుంది. అదీ శుభ్రంగా ఉంది. పెద్ద పొట్టలో గడ్డి, గడ్డి పులిసిన వాసన, అంతే. గుళికల రంగూ లేదు, ఘాటూ లేదు. కాలేయం బయటికి తీసి గోనెపట్టా మీద పెట్టి అడ్డంగా కోశాను. అది ఉండవలసినదానికంటే బాగా పెద్దదిగా ఉంది. కోసిన చోట జాజికాయని రెండు ముక్కలు చేసినట్టు చారలు చారలుగా కనిపించింది. రక్తం ముందుకి పోలేక వెనక్కి తన్ని కాలేయంలో నిలవైపోతే అలా అవుతుంది. అంటే లోపం కడుపులో కాదు, గుండెలో ఉంది.

అప్పుడు తేనెపట్టు గళ్ళుండే రెండో పొట్ట కోసం చెయ్యి ముందుకి పోనిచ్చాను. మామూలుగా అయితే ఆ పొట్టకీ, ఛాతీని కడుపు నుంచి వేరుచేసే కండరపు తెరకీ నడుమ నా చెయ్యి సులువుగా దూరాలి. వేలు కూడా దూరలేదు. రెండూ జిగురు పెట్టి అతికించినట్టు కలిసిపోయి ఉన్నాయి. "గొడ్డలి తే," అన్నాను అటెండరుతో. పక్కటెముకలు తీసేశాం. నాలుక, గొంతుగొట్టం, ఊపిరితిత్తులు, గుండె, అన్నీ ఒకే గుత్తిగా బయటికి లాగి పట్టా మీద పరిచాను.

గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఉల్లిపొరలా పల్చగా, వెలుతురు కనిపించేలా ఉండాలి. ఈ గేదెకి అది పాత చెప్పు తోలంత మందంగా ఉంది. కోయగానే లోపలి నుంచి పచ్చటి నీళ్ళు ధారగా కారాయి. లోపల గుండె, పెనానికి అంటుకుని చిరిగిన దోసెలా, పైనంతా రేకులు రేకులుగా ఉంది. నేను చేతిని నెమ్మదిగా ఆ అతుకుల వెంట పోనిచ్చాను. వేలికి ఏదో గుచ్చుకుంది.

తొడుగు చిరగకుండా రెండు వేళ్ళతో పట్టి బయటికి లాగాను. చిటికెన వేలంత పొడవున్న, తుప్పు పట్టిన ఇనుపతీగ. ఒక చివర సూదిలా ఉంది, రెండో చివర మెలి తిరిగి ఉంది.

నీళ్ళతో కడిగి అందరికీ కనిపించేలా పైకి ఎత్తి పట్టుకున్నాను. "దీన్ని చంపింది మందు కాదు, ఇది," అన్నాను. "గేదె మేతని నమలకుండా గబగబా మింగేస్తుంది, నెమరు వేయడం తర్వాత సంగతి. మేతలో తీగ ఉంటే అదీ లోపలికి పోతుంది. ఈ చిన్న పొట్ట గోడకి గుచ్చుకుని, పొట్ట ముడుచుకున్నప్పుడల్లా కొంచెం కొంచెం ముందుకి కదిలి, చివరికి గుండెలోకి వెళ్ళింది."

డాబా ఇంటావిడ లేచి వచ్చింది. నా చేతిలోని తీగని చూసింది. మెలి తిరిగిన చివర వైపు ఇంకోసారి చూసింది. తర్వాత తల తిప్పి తన ఇంటి మీద పొడుచుకుని ఉన్న కడ్డీల వైపు చూసింది.

"ఇది మా స్లాబు తీగ కదండీ," అంది చాలా నెమ్మదిగా. "కడ్డీలు కట్టే బైండింగు తీగ. ముక్కలు ఎక్కడంటే అక్కడ పడేశారు పనివాళ్ళు. గడ్డివాము కూడా అక్కడే వేశాం..."

నాకు ఇంకో ప్రశ్న ఉంది. "ఈ గడ్డి ఇంకెవరి పశువులైనా తిన్నాయా?"

ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. "గొడవకి ముందు, వానకి వాళ్ళ వాము తడిసిపోయిందని ఒక ట్రాలీ నేనే తోలించానండీ." ఆ వాళ్ళు ఎవరో ఆవిడ చూపే చెప్పింది. మరుక్షణం చెంగు నడుముకి దోపుకుని కంచె దాకా పరుగెత్తింది.

"ఏమే వదినా! నీ గేదె మేస్తోందా?"

సగం వేసిన తలుపు వెనక నుంచి జవాబొచ్చింది. "నాతో మాట్లాడొద్దన్నావుగా!"

"మాట్లాడను గానీ, గేదె మేస్తోందో లేదో చెప్పవే!"

"నీకెందుకు?"

"నా గడ్డిలో తీగలున్నాయే తల్లీ! నా గేదెని చంపింది నా ఇల్లే! నీ గేదె ఎలా ఉందో చెప్పు ముందు!"

తలుపు పూర్తిగా తెరుచుకుంది. పెంకుటింటావిడ బయటికి వచ్చింది, కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "రెండ్రోజులుగా మెయ్యట్లేదు వదినా," అంది. "డాక్టర్ని పిలుద్దామంటే, చూశారా, మందు దీని ఇంట్లోనే ఉంది, దీని గేదె కూడా తినేసింది అంటారేమోనని భయమేసి ఊరుకున్నాను." అంటూనే ఏడుపు మొదలుపెట్టింది. కంచెకి అటూ ఇటూ నిలబడి ఇద్దరూ ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఏడ్చారు. ముళ్ళు గీరుకుంటున్నాయని ఇద్దరికీ ధ్యాస లేదు. మా అటెండరు నా వైపు తిరిగి, "మేడం, నోడ్రి, చూడండి, మీ పోస్టుమార్టం దోస్తీని బతికించింది," అన్నాడు.

గొయ్యిలో సున్నం, ఉప్పు వేసి గేదెని పూడ్చే పని అటెండరు చూసుకున్నాడు. నేను శుభ్రంగా కడుక్కుని, బట్టలు మార్చుకుని రెండో గేదె దగ్గరికి వెళ్ళాను. చూలుతో ఉంది. వీపు విల్లులా వంచి, ముందుకాళ్ళ మోచేతులు రెండూ పక్కలకి తోసి నిలబడింది. భుజాల మధ్య వీపుని గట్టిగా నొక్కితే మామూలు గేదె కిందకి వంగుతుంది. ఇది వంగలేదు, చిన్నగా మూలిగింది. మెడ మీద రక్తనాళం ఇంకా ఉబ్బలేదు, కాళ్ళ మధ్య వాపు లేదు. తీగ ఉంటే, ఇంకా గుండె దాకా వెళ్ళలేదన్నమాట.

"ఆపరేషన్ చేసి తీయాలి," అన్నాను. "రేపు పొద్దున్నే సిరవార తీసుకురండి."

"చూలు పశువండీ, బతుకుతుందా?" అని పెంకుటింటావిడ అడిగితే, నేను జవాబు చెప్పేలోపే డాబా ఇంటావిడ అందుకుంది. "బతకాలి వదినా. బతక్కపోతే నేనింక నీ మొహం చూడలేను."

ఆ సాయంత్రం స్నానం అయ్యాక అవ్వకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ సగంలోనే ఆపి, "మరి రేపు బతికున్నదాని కడుపుల చెయ్యి పెడ్తవా? చెయ్యి పెడ్తె దానికి ఎరుకైతదా?" అని అడిగింది. మత్తు సూది వేస్తాం, కోసిన చోట నొప్పి తెలియదు అన్నాను. "నీకు ఎరుకైతదా?" అంది. అప్పటికి నేను బతికున్న పశువు కడుపుని ఒకరిద్దరు సీనియర్ల పక్కన నిలబడి చూశానే తప్ప, సొంతంగా తెరిచింది లేదు.

మర్నాడు ట్రాక్టరు ట్రాలీలో గేదె వచ్చింది. ఆ ఇద్దరూ అదే ట్రాలీలో గేదెకి చెరోవైపు నిలబడి వచ్చారు. గేదెని ఇనుప చట్రంలో నిలబెట్టి, ఎడమపక్క డొక్కలో మొద్దుబారే మందు ఎక్కించాం. పెంకుటింటావిడ చూడలేనని వరండాలోకి వెళ్ళిపోయింది. డాబా ఇంటావిడ మాత్రం గేదె తల పట్టుకుని, "ఏం కాదమ్మా, ఏం కాదు," అంటూ చెవి వెనక గోకుతూ నిలబడింది.

చర్మం, కండరాలు, తర్వాత పొట్ట గోడ. లోపలున్న మేతంతా దోసిళ్ళతో బయటికి తోడి, భుజం దాకా చెయ్యి పెట్టాను. ముందురోజు చల్లబడిపోయిన పశువులో వెతికిన దారే ఇది. ఎక్కడ మడత ఉంటుందో, ఎక్కడ కిందకి దిగాలో వేళ్ళకి ఇంకా గుర్తుంది. తేనెపట్టు గళ్ళు వేలికి తగిలాయి. వెచ్చగా ఉన్నాయి. అంతలో ఆ చిన్న పొట్ట ముడుచుకుంది. మెత్తటి పిడికిలి ఒకటి నా వేళ్ళని పట్టుకుని, కాసేపు బిగించి, వదిలేసింది. నేను అలాగే నిలబడిపోయాను. ఎన్నో పొట్టల్ని కోసి, కడిగి, చూసి, రాసుకున్నాను. ఒక్కటి కూడా అంతవరకూ నా చేతిని పట్టుకోలేదు. అవ్వ అడిగినదానికి జవాబు దొరికింది.

"ఏమైందండీ?" అంది డాబా ఇంటావిడ కంగారుగా.

"ఏం లేదు. బాగా పనిచేస్తోంది," అన్నాను. నా మొహం నిండా నవ్వు ఉండి ఉంటుంది, ఆవిడ కూడా నవ్వింది.

ముందు గోడలో, సరిగ్గా గుండె ఉండే వైపు, తీగ కొన దిగబడి ఉంది. వచ్చిన దారినే మెల్లగా వెనక్కి లాగాను. వచ్చేసింది. ఇంకో రెండు తీగ ముక్కలు అడుగున విడిగా దొరికాయి. వాటితోపాటు ఒక మేకు, ఒక చీరపిన్ను, చివరికి ఒక చిన్న తాళం చెవి. తాళం చెవి చూడగానే డాబా ఇంటావిడ గేదె తల వదలకుండానే వరండా వైపు కేకేసింది.

"వదినా, మీ బీరువా తాళం దొరికిందే! అనవసరంగా మీ ఆయన్ని అన్నన్ని మాటలన్నావు!"

వరండాలోంచి ఏడుపూ నవ్వూ కలిసిన శబ్దం ఒకటి వచ్చింది. అటెండరు ట్రే పట్టుకున్న చేతులు నవ్వుతో వణుకుతుంటే, కుట్లు వేసేదాకా నవ్వకూడదని నేను అతన్ని గదమాయించాల్సి వచ్చింది.

గేదెని కొన్నాళ్ళు ఆస్పత్రి షెడ్డులోనే ఉంచాం. దానితోపాటు ఆ ఇద్దరూ వంతులవారీగా ఉంటారనుకున్నాను. వంతులేం లేవు, ఇద్దరూ ఎప్పుడూ అక్కడే. బోర్లించిన బకెట్ల మీద కూర్చుని, ఒకే టిఫిను క్యారేజీలో తింటూ, అది ఎప్పుడు నెమరు వేస్తుందా అని దాని దవడలే చూస్తూ ఉండేవాళ్ళు. ఒక ఉదయం నేను బస్సు దిగి గేటులోకి రాగానే ఇద్దరూ ఒకేసారి వేళ్ళు పెదాల మీద పెట్టి నన్ను మాట్లాడొద్దని సైగ చేశారు. గేదె పడుకుని, కళ్ళు సగం మూసుకుని, దవడ అటూ ఇటూ తిప్పుతూ నెమరు వేస్తోంది. మేం ముగ్గురం చాలాసేపు కదలకుండా నిలబడి దాన్నే చూశాం.

తర్వాత కొన్ని నెలలకి అది ఈనింది. పెయ్యదూడ. కబురు ఫోనులో వచ్చింది, జున్ను తినడానికి తప్పకుండా రావాలని. ఇంట్లో ఆ మాట అనగానే అవ్వ, "నేను గూడ వస్త," అంది. బజారు దాటి గుడికి తప్ప ఎక్కడికీ వెళ్ళని మనిషి. మా అమ్మ కళ్ళు పెద్దవి చేసింది గానీ, చివరికి దుకాణంలో ఉన్నవాటిలో మంచి బెల్లం ఏరి, జున్నులోకని పొట్లం కట్టి ఇచ్చింది ఆమే.

క్యాంపులో అవ్వకి వాకిట్లో నులకమంచం వేశారు. ఆవిడ కూర్చోలేదు. నేరుగా గేదె దగ్గరికి వెళ్ళి, ఎడమ డొక్కలో కుట్ల మచ్చ మీద అరచెయ్యి వేసి నిమిరింది.

"గీ బర్రె కడుపులనేనా మా పిల్ల చెయ్యి పెట్టింది?"

"అవునండీ మామ్మగారూ, ఈ గేదే," అంది పెంకుటింటావిడ.

"బర్రెని గేదె అంటరేంది మీరు?" అని అవ్వ ఆశ్చర్యపోతే, "మీరు గేదెని బర్రె అంటారేంటండీ?" అని డాబా ఇంటావిడ నవ్వింది. ఆ తర్వాత జున్ను తింటున్నంతసేపూ ఇద్దరికీ నాలుగు పొట్టల సంగతి అవ్వే చెప్పింది, గాలిలో వేలితో గీస్తూ. ఒకటి రెండు చోట్ల తప్పు చెప్పింది. నేను దిద్దలేదు, అంత సంతోషంగా చెబుతోంది. నాకంటే బాగా అర్థమయ్యేలా చెప్పారని వాళ్ళిద్దరూ మెచ్చుకున్నారు కూడా.

జున్ను గిన్నెలు కడిగేశాక పెంకుటింటావిడ దూడని తాడు పట్టి లాక్కొచ్చి, ఆ తాడు డాబా ఇంటావిడ చేతిలో పెట్టింది.

"ఇది నీది వదినా. పాలు మరిచాక కాదు, ఇప్పుడే. నీ కొట్టం ఖాళీగా ఉంటే నాకు చూడబుద్ధి కావట్లేదు."

డాబా ఇంటావిడ వద్దంది, ఈవిడ కాదంది, కాసేపు తాడు ఇటూ అటూ చేతులు మారింది. మొత్తానికి ఒప్పుకుని ఆవిడ దూడని తన వైపుకి తోలుకెళ్ళింది. అది కంచె దాటిందో లేదో, అటు దూడా ఇటు తల్లీ ఒకటే అరుపు. దూడని వెనక్కి తెచ్చారు. మళ్ళీ తీసుకెళ్ళారు. మళ్ళీ అరుపు. చివరికి డాబా ఇంటావిడ ఇంట్లోకి వెళ్ళి కొడవలి పట్టుకుని బయటికి వచ్చింది. పెంకుటింటావిడ గునపం తెచ్చింది. మేం చూస్తుండగానే ఇద్దరూ కలిసి రెండిళ్ళ మధ్య కంచెలో ఒక దూడ పట్టేంత దారి నరికేశారు. దూడ ఆ సందులోంచి అటు ఒకసారి, ఇటు ఒకసారి పరిగెత్తి చూసుకుని, తల్లి పొదుగులో మూతి దూర్చింది.